మోకాళ్ల నూనె

అద్దె గది నుంచి, సోమవారం

వదినా,

నా చేతిరాత చూసి ఎన్నాళ్లయిందో కదూ. మెయిల్ పంపితే నీకు చేరదు. మా సర్వర్ నుంచి వెళ్లే ఏ మెయిల్‌నీ బయటివాళ్లు ఇప్పుడు తీసుకోవడం లేదు. ఫోన్ చేద్దామంటే అన్నయ్య పక్కన కూర్చుని నీ మాటకీ నా మాటకీ మధ్య మూడో మాట దూరుస్తాడు. అందుకని కాగితం.

నన్ను ఆఫీసులో పక్కన పెట్టారు. విచారణ అయ్యేదాకా రావద్దన్నారు.

నీకు అర్థమయ్యేలా చెప్తాను. మా ఒక్క సర్వర్ మీద చాలామంది మెయిల్ నడుస్తుంది. ఒక కంటి ఆసుపత్రి, రెండు బడులు, ఒక అచ్చాఫీసు, చిన్నాచితకా దుకాణాలు, పెద్దసారు దయవల్ల నాదీ నాన్నదీ రెండు పెట్టెలు. (నాన్నది ఇంకా మూయలేదు. చేతులు రావడం లేదు.) ఎవరి పెట్టె వాళ్లదే కానీ, ఉత్తరాలన్నీ బయటికి వెళ్లే గుమ్మం ఒక్కటే. ఆ గుమ్మంలోంచి ఎవరో స్పామ్ పంపారు. మోకాళ్ల నొప్పులకి నూనె, వారంలో మాయం అట. వేలకు వేలు పోయాయి. దాంతో లోకమంతా మా గుమ్మం పేరు చెబితేనే తలుపు వేసుకుంటోంది. ఆపరేషన్ వాయిదా పడిందని ఆసుపత్రి పంపిన మెయిల్ అందక, ఒక ముసలాయన పరగడుపున వచ్చి సాయంత్రం దాకా బెంచీ మీద కూర్చున్నాడట. అదీ నా ఖాతాలోనే వేశారు.

ఎందుకంటే, బయటివాళ్లు ఫిర్యాదుతో పంపిన ఆ నూనె మెయిల్ సర్వర్‌లోకి ఎక్కడినుంచి వచ్చిందో చూస్తే నా గది ఇంటర్నెట్ కనెక్షన్ నంబరు ఉంది. ఈ గదే, వదినా. నేను ఉత్తరం రాస్తున్న ఈ బల్లే.

చూసి చెప్పింది నా పక్క బల్ల అతను. ఇస్త్రీ అని మేం పెట్టిన పేరు. చొక్కా నలగదు, మాట తొణకదు. ఆ నంబరు కాగితం మీద వేసి పెద్దసారు చేతిలో పెట్టి, తలొంచుకుని నిలబడ్డాడు. ఇప్పుడు నా కుర్చీలో కూర్చున్నాడు. నంబరు అతనే మార్చి ఉంటాడు.

ఈ గొడవ మొదలైన వారంలో అన్నయ్య వచ్చి రెండు రోజులు ఉండబట్టి సరిపోయింది, లేకపోతే పిచ్చెక్కేది. అతను వస్తున్నాడని మెట్ల లైటు వేసి కిందిదాకా ఎదురెళ్లాను. మా మెట్లు చీకటి, స్విచ్ నా గదిలోపల ఉంటుంది.

ఎవరు చేశారో తేలాలి. తేలాక వాళ్లు ఎక్కడా తలెత్తుకుని తిరగకుండా చేస్తాను. ఎవరైనా సరే.

పిచ్చుక


వంటింటి బల్ల దగ్గర నుంచి

పిచ్చుకకు,

నీ ఉత్తరం అందింది. రెండుసార్లు చదివి బియ్యం డబ్బా వెనక పెట్టాను. మీ అన్నయ్య చెయ్యి అక్కడిదాకా ఎప్పుడూ వెళ్లదు.

నిన్ను పక్కన పెట్టిన సంగతి ఆయన ముందే చెప్పారు. భోజనాల దగ్గర. "అది చిన్నప్పట్నించీ అంతే, తలుపు వేయమంటే గడియ మర్చిపోతుంది" అన్నారు. ఫోన్లో మీ పెద్దమ్మతోనూ అదే మాట, కాస్త ఉప్పు ఎక్కువేసి. ఆడపిల్లకి మెషీన్లతో పనేమిటని ఆవిడ అంటే, అదే నేనూ అంటున్నానన్నారు. నేను గిన్నెలు కాస్త గట్టిగా సర్దాను.

నాకు పగ అంటే భయం లేదు. గురి తప్పిన పగ అంటేనే భయం. ఇస్త్రీ మీద నీకున్న కోపం చాలా బాగుంది, కానీ అందులో ఇస్త్రీ ఏం చేశాడో ఇంకా లేదు.

ఒక సంగతి చెప్పాలి. మామయ్యగారి చదరంగం స్నేహితుడు ఫోన్ చేశారు. ఆయన ఒక మెయిల్ పెట్టె మామయ్యగారితో ఎత్తులు నడపడానికి మాత్రమే పెట్టుకున్నారు, ఇంకెవరికీ ఆ చిరునామా ఇవ్వలేదు. మామయ్యగారు పోయాక ఖాళీగా ఉన్న ఆ పెట్టెలో మొన్న ఉత్తరం వచ్చిందని గంట మోగిందట. "మావాడే అనుకున్నానమ్మా" అన్నారు. "తెరిస్తే మోకాళ్ల నూనె." పంపినవాళ్ల పేరు ఎవరిదో, ఆయనకి తెలియదు.

నాకూ అదే నూనె వచ్చింది. పారేయలేదు. అది ఎక్కడినుంచి వచ్చిందో చూడడం ఎలాగో రాయి. తీరిగ్గా, బడిపిల్లకి చెప్పినట్టు రాయి. నాకు తొందర లేదు.

నీ వదిన


అద్దె గది నుంచి

వదినా,

బడిపిల్లకే చెప్తున్నాననుకో. ఆ మెయిల్ తెరిచి, మూలనున్న మూడు చుక్కలు నొక్కితే "అసలు రూపం చూపు" అని ఉంటుంది. అది నొక్కు. చీమల బారులా అక్షరాలు వస్తాయి, భయపడకు. పంపినవాళ్ల పేరు నమ్మకు, అది ఎవరైనా ఏదైనా పెట్టుకోవచ్చు. కవరు మీద పేరు రాసుకోవడం లాంటిది. నమ్మాల్సింది తపాలా ముద్రలని. దారిలో ప్రతి సర్వరూ తన ముద్ర పైన వేస్తూ పోతుంది. అందుకని కింది నుంచి పైకి చదవాలి. అన్నిటికంటే కింద ఉన్న ముద్రలో మా సర్వర్ పేరూ, దాని పక్కన చుక్కలు పెట్టి రాసిన నంబరూ ఉంటాయి. ఆ నంబరే మొదటి గుమ్మం, పంపినవాడు కూర్చున్న ఇల్లు. మీ ఇంటి నంబరు తెలుసుకోవాలంటే చూపించే పేజీలు బోలెడున్నాయి, సరదాకి చూసుకో.

చదరంగం తాతగారికి పాపం. స్పామర్లకి ఎవరి చిరునామాలైనా దొరుకుతాయి, ఆయనకి చెప్పు.

విచారణలో ఏం మాట్లాడాలో అద్దం ముందు నిలబడి చెప్పుకుంటున్నాను. ఇస్త్రీ నా కుర్చీ కోసం నా నంబరు ఇరికించాడని పెద్దసారు మొహం మీద అంటాను. అతని పెళ్లి సంబంధం ఒకటి కుదిరిందట. ఆ వైపు వాళ్లకీ తెలిసేలా చేస్తాను. నవ్వకు. ఇంత చెడ్డదాన్నని నాకూ తెలియదు, కానీ చేస్తాను.

పిచ్చుక


వంటింటి బల్ల దగ్గర నుంచి, వాన పడుతోంది

పిచ్చుకకు,

నువ్వు చెప్పినట్టే చేశాను. చీమల బారు వచ్చింది. కళ్లజోడు తుడుచుకుని, కింది నుంచి పైకి, ఒక్కో ముద్రా అక్షరం పొల్లు పోకుండా విడి కాగితం మీద ఎత్తి పంపుతున్నాను. తప్పులుంటే నావి.

ఇల్లు మామూలుగానే ఉంది. మీ అన్నయ్య దుకాణం మూసినప్పటినుంచి పైగదిలో ఏదో కన్సల్టెన్సీ నడుపుతున్నారు. ఏమిటని అడిగితే, ఆన్‌లైన్ ప్రచారం, నీకు అర్థం కాదు అంటారు. మెట్ల గోడ మీద ఇంటర్నెట్ డబ్బా ఉంది కదా, ఆయన పైన ఉన్నంతసేపూ దాని పచ్చ దీపం కునుకు లేకుండా కొట్టుకుంటుంది. ఇన్నాళ్లూ దాన్ని తుడిచానే తప్ప చూడలేదు.

రెండు ప్రశ్నలు. ఒకటి, ఒక్క పెట్టె నుంచి అన్ని వేలు పోతుంటే మీ సర్వర్ నోరు మూసుకుని ఎందుకు ఊరుకుంది? దానికి ఒక హద్దు ఉండదా? రెండు, నీ మొదటి ఉత్తరంలో "ఎవరైనా సరే" అన్నావు. ఆ మాట ఇంకోసారి రాసి పంపు. కోపంలో కాదు, ముఖం కడుక్కుని కూర్చుని రాయి.

ఇస్త్రీ పెళ్లి జోలికి పోకు. నేను చెప్పేదాకా ఎవరితోనూ ఏమీ అనకు.

నీ వదిన


అద్దె గది నుంచి

వదినా,

ముఖం కడుక్కునే రాస్తున్నాను. ఎవరైనా సరే.

ఇప్పుడు నువ్వు చెప్పు. నీ కాగితంలో అన్ని ముద్రలూ ఉన్నాయి, అట్టడుగుది తప్ప. కింది నుంచి చదవమని చెప్పింది ఆ ఒక్కదాని కోసమే. కూరగాయలవాడి తూకంలో తేడా వస్తే వీధి చివరిదాకా వెంటపడేదానివి, ఒక లైను మర్చిపోతావా? నువ్వు మర్చిపోలేదు. దాచావు.

నీ మొదటి ప్రశ్నకి జవాబు రాయబోతుంటే నాకే తట్టింది. హద్దు ఉంది. ప్రతి పెట్టెకీ ఉంది. ఒక్కదానికే లేదు. నాన్న పదవీ విరమణ సంఘానికి కార్యదర్శిగా ఉన్నప్పుడు అందరికీ ఒకేసారి ఉత్తరం పంపితే సర్వర్ ఆపేసేది. ఆయన నాకు ఫోన్ చేసి, మీ మెషీన్‌కి నా మీద నమ్మకం లేదా అని అలిగేవారు. అందుకని ఆ ఒక్క పెట్టెకీ హద్దు తీసేశాను. ఆయన పోయాక తిరిగి పెట్టలేదు. చదరంగం తాతగారి చిరునామా ఉన్నదీ ఆ పెట్టెలోనే. నువ్వు చెప్పినప్పుడే నాకు వెలగాల్సింది, ఇస్త్రీ మీద కోపంలో కళ్లు మూసుకుపోయాయి.

వదినా, ఆ పెట్టె పాస్‌వర్డ్ తెలిసినవాళ్లు ముగ్గురు. నాన్న, నేను, ఆయన చూపు పోయాక ఆయన చెబుతుంటే కూర్చుని కొట్టిన నువ్వు. నాన్న లేరు. నేను కాదు.

నేను నిన్ను అడగడం లేదు. నువ్వే చెప్పాలని ఎదురు చూస్తున్నాను.

పిచ్చుక


వంటింటి బల్ల దగ్గర నుంచి

పిచ్చుకకు,

అట్టడుగు నంబరు ఈ ఇంటిది. నువ్వు చెప్పిన పేజీలో చూసుకున్నాను. ఒకసారి పొద్దున, ఒకసారి బట్టలు ఆరేశాక, ఒకసారి ఆయన బజారుకి వెళ్లినప్పుడు. అదే నంబరు.

దాచింది నీ మాట రెండోసారి వినాలని. మొదటిసారి నువ్వు ఇస్త్రీని తలుచుకుని అన్నావు.

పాస్‌వర్డ్ నేనే ఇచ్చాను. వేసవి ముందు ఒక సాయంత్రం మీ అన్న వంటింట్లోకి వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. వంటింట్లో ఆయన కూర్చోవడం అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. "నాన్న రాసిన ఉత్తరాలు ఒకసారి చదువుకోవాలని ఉంది" అన్నాడు. కళ్లలో నీళ్లు ఉన్నాయి. మామయ్యగారు మంచాన పడ్డ రోజుల్లో ఆ గది గుమ్మం దగ్గరే నిలబడి, మందు వాసన అంటూ వెళ్లిపోయిన మనిషి. ఇప్పటికైనా కరిగాడనుకున్నాను. ఉల్లిపాయ తరుగుతున్న చెయ్యి తుడుచుకుని, పాస్‌వర్డ్ రాసిచ్చాను. మామయ్యగారు నిన్ను పిలిచే పేరే కదా. ఆ రోజు నాకు ఎంత తృప్తిగా ఉందో చెప్పలేను. మా పెళ్లయ్యాక మీ అన్న నన్ను అడిగి తీసుకున్న మంచి వస్తువు అదొక్కటే అనుకున్నాను.

దాంతో నూనె అమ్మాడు.

మామయ్యగారు ఒక్కో వాక్యం చెప్పి, "రాశావా అమ్మా, ఇప్పుడు చదువు" అనేవారు. ఒక మాట కటువుగా వచ్చిందనిపిస్తే మార్పించేవారు. అవతలివాళ్లు నొచ్చుకోకూడదు కదా అనేవారు. ఆ పెట్టె నుంచి వెళ్లాయి ఆ వేలూ. నువ్వు నింద మోస్తుంటే, అదే బల్ల దగ్గర కూర్చుని నీకు గడియ వేయడం రాదని నాతో అన్నాడు. నేను వడ్డించాను.

నేనింకా ఆయన్ని ఏమీ అడగలేదు. అడిగితే ఏడుస్తాడు. ఆ ఏడుపుకి నేనొకసారి అమ్ముడుపోయాను.

నువ్వు ఇస్త్రీ దగ్గరికి వెళ్లి, ఆ పెట్టె ఎప్పుడెప్పుడు వాడారో చూపించమని అడుగు. మింగుడు పడదని తెలుసు. మింగు.

నీ వదిన


అద్దె గది నుంచి

వదినా,

మింగాను.

ఇస్త్రీని ఆఫీసు బయట టీ కొట్టు దగ్గర పట్టుకున్నాను. నాన్న పెట్టె సంగతి ఎత్తగానే తల దించేశాడు. అతనికి ముందే తెలుసు, వదినా. నూనె వెళ్లింది ఏ పెట్టెలోంచో మొదటి రోజే చూశాడట. "మీ నాన్నగారి పేరు అండీ. పోయిన మనిషి పేరు పెద్దసారు ముందు చదవడం మర్యాదగా ఉండదనిపించింది. అందుకని మీ గది నంబరు దగ్గరే ఆపేశాను" అన్నాడు. నేనే నాన్న పెట్టె వాడుకున్నాననుకున్నాడు. నా పరువు కాపాడుతున్నాననుకున్నాడు. అతని మర్యాద నా మెడకి చుట్టుకుంది. టీ డబ్బులు కూడా అతనే ఇచ్చాడు.

అతని దగ్గరికి వెళ్లే దారంతా, ఆ నంబరు మీ ఇంటిదన్న మాట వెనక్కి తీసుకోమని మనసులో నిన్ను బతిమాలుకుంటూ నడిచాను. అన్నయ్య కదా, సైకిల్ ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని నన్ను బడికి తీసుకెళ్లినవాడు. తెలియక చేశాడేమో, డబ్బు ఇబ్బందేమో, పిలిచి నాలుగు అంటే చాలేమో అనుకున్నాను.

టీ తాగుతూ ఇస్త్రీ తన ఫోన్లో తేదీలు చూపించాడు. అన్నీ మీ ఇంటి నుంచే. మధ్యలో రెండు రోజులు మాత్రం నా గది నుంచి. అన్నయ్య నన్ను ఓదార్చడానికి వచ్చిన రెండు రోజులు. నేను అతని భుజం మీద తలపెట్టి, సర్వర్ ఎందుకిలా అయిందో తెలియడం లేదని ఏడ్చాను. నెట్ కాస్త ఇస్తావా, ఆఫీసు పని ఉంది అన్నాడు. ఇచ్చాను. నేను ముఖం కడుక్కోవడానికి వెళ్లాను. తను నా బల్ల మీద కూర్చుని నూనె పంపాడు.

తనకి తెలుసు, వదినా. ఆ గొడవ దేనివల్లో తెలిసే నా తల నిమిరాడు.

ఏం చేయాలో చెప్పు. ఈసారి నేను ఊరికే అనడం లేదు.

పిచ్చుక


వంటింటి బల్ల దగ్గర నుంచి

పిచ్చుకకు,

విచారణలో నిజం చెప్పు, హద్దు తీసేసిన సంగతితో సహా. అది నీ వంతు. కానీ మీ పెద్దసారు మన బంధువు కాడు. అక్కడ తేలింది ఇక్కడికి రాదు. మీ పెద్దమ్మకీ, మీ నాన్నగారి స్నేహితులకీ నువ్వు గడియ వేయడం రాని పిల్లగానే ఉండిపోతావు. మీ అన్న ఎప్పటిలా పెద్దమనిషే. ఆయనకి ఉద్యోగం లేదు, పోవడానికి. ఉన్నదంతా నలుగురిలో మాట. అది పోవాలి.

అందుకని ఒక ఉత్తరం రాశాను. మామయ్యగారి ధోరణిలోనే, ఆయన చెబుతున్నట్టు అనుకుంటూ రాశాను. చూడు:

"అందరూ క్షేమమని తలుస్తాను. ఈ మధ్య మీలో చాలామందికి మోకాళ్ల నూనె కొనమని ఉత్తరాలు వచ్చాయి. అవి ఈ పెట్టె నుంచే వచ్చాయి. నా ఉత్తరాలు చదువుకుంటానని తాళం అడిగి తీసుకుని, వాటిని పంపింది నా కొడుకు. ఆ నింద మోసి ఉద్యోగంలోంచి బయట కూర్చున్నది నా కూతురు. నింద ఎవరిదో వారికి చేరాలి. నూనె కావలసినవారు నేరుగా నా కొడుకునే అడగగలరు. రాసినది: కోడలు."

మామయ్యగారు చెప్పిన ప్రతి ఉత్తరం కిందా ఆ మాట పెట్టించేవారు, గుర్తుందా. అందుకని దొంగతనం లేదు. నా పేరు మీదే పంపుతున్నాను. కటువుగా ఉంది. ఆయనైతే మార్పించేవారు. నేను మార్చను.

ఆ పెట్టె చిరునామాల్లో ఉన్న అందరికీ ఒకేసారి వెళ్లాలి. నువ్వు తీసిన హద్దు ఒక్కరోజు అలాగే ఉంచగలవా?

నీ వదిన


అద్దె గది నుంచి

వదినా,

పెట్టె తాళం ఇప్పుడు ఇస్త్రీ చేతిలో ఉంది. నూనె ఆపేశాడు, మా గుమ్మం మీద నిషేధం కూడా ఎత్తించాడు. అడిగాను. చాలాసేపు చొక్కా కఫ్ సరిచేసుకుని, "ఒక్క ఉత్తరం. నేను చూడను" అన్నాడు. కొత్త పాస్‌వర్డ్ విడిగా చీటీ మీద ఉంది. ఈసారి అది నా పేరు కాదు.

నేనూ వద్దనడం లేదు. ఇంకేమీ రాయలేను.

పిచ్చుక


వంటింటి బల్ల దగ్గర నుంచి

పిచ్చుకకు,

ఆదివారం మధ్యాహ్నం, భోజనం వడ్డించే ముందు పంపాను. ఆకలితో ఉన్న మనిషికి చెప్పకూడదంటారు కానీ, తిన్న తర్వాత ఆయన నిద్రపోతాడు.

మొదట పెద్దమ్మ ఫోన్ చేసింది. ఆయన నవ్వుతూ ఎత్తాడు. తర్వాత లేచి వసారాలోకి వెళ్లాడు. ఆ ఫోన్ పెట్టీ పెట్టకముందే ఇంకొకటి, అదైపోకముందే మరొకటి. సంఘం అధ్యక్షుడు, మీ బాబాయి, తోడల్లుడు. ఒకాయన నిజంగానే నూనె కావాలని అడిగాడట. ఆయనకి మోకాళ్ల నొప్పులు. చదరంగం ఆయన మాత్రం నాకు చేశారు. "ఇది మావాడి ఎత్తే, అమ్మా" అని పెట్టేశారు.

మీ అన్న లోపలికి వచ్చి బల్లకి అవతల నిలబడ్డాడు. "ఎవరు రాశారిది?" అన్నాడు.

"కింద ఉంది కదా" అన్నాను.

"నన్ను ఒక్కమాట అడిగి ఉంటే నేనే చెప్పేవాణ్ని కదా."

"మిమ్మల్ని అడగలేదు. మీరు నన్ను అడిగినప్పుడు నేను నమ్మాను, అందుకని."

ఏడ్చాడు. పులుసు చల్లారుతోందని చెప్పి నా కంచం తీసుకుని కూర్చున్నాను. ఈ ఇంట్లో ముందు నేను తినడం అదే మొదటిసారి. పైగదికి తాళం వేశాను. గోడ మీద డబ్బా తీయించేశాను. ఆ చోట గోడ ఇంకా తెల్లగా ఉంది.

నీ దగ్గరికి బయలుదేరతాడు. ముందే చెప్తున్నాను.

నీ వదిన


అద్దె గది నుంచి

వదినా,

విచారణ అయింది. అన్నయ్య సంగతీ చెప్పాను, నాన్న కోసం హద్దు తీసేసిందీ చెప్పాను. పెద్దసారు రెండోదాన్నే మళ్లీ చెప్పించుకున్నారు. ఉద్యోగం తిరిగి ఇచ్చారు, కుర్చీ ఇవ్వలేదు. సర్వర్ ఇస్త్రీదే. నేను పక్క బల్ల మీద, అతను చెప్పిన పని చేస్తాను. అది నాకు రావాల్సిందే. అతని పెళ్లికి పిలిచాడు.

నిన్న సాయంత్రం అన్నయ్య వచ్చాడు. కింద చీకట్లో మెట్లు తడుముకుంటూ వస్తున్న చప్పుడు విన్నాను. కూర్చోమన్నాను, ఆ బల్ల ముందే. చిక్కిపోయాడు. పెద్దమ్మ ఇంటి పెళ్లికి తనని తప్ప అందరినీ పిలిచారట. వీధిలో ఒకళ్లిద్దరు నూనె నూనె అని నవ్వుతున్నారట. నిన్ను ఏమీ అనలేదు. నన్నూ ఏమీ అనలేదు. ఒక్కటే అడిగాడు.

"ఇంకొక్క ఉత్తరం పంపించు. నాన్న పెట్టె నుంచే. ఏదో పొరపాటు జరిగిందని. అందులోంచి వస్తే నమ్ముతారు."

అతను వస్తాడని నువ్వు రాసినప్పటినుంచీ అనాలనుకున్నవి చాలా ఉన్నాయి. సైకిల్ కడ్డీ, నా తల మీద అతని చెయ్యి, అన్నీ వరసగా పెట్టుకున్నాను. ఒక్కటీ అనలేదు.

"ఆ పెట్టె పొద్దున్నే మూసేశాను. నాన్న ఇక ఎవరికీ రాయరు, అన్నయ్యా."

లేచేటప్పుడు మోకాలు పట్టుకున్నాడు. గుమ్మం దాటి, మొదటి మెట్టు మీద ఆగి, చీకట్లోకి చూసి, నా వైపు తిరిగాడు.

స్విచ్ నా చేతికి అందేంత దూరంలోనే ఉంది. వేయలేదు. కిందిదాకా దిగిన చప్పుడు విని, తలుపు మూశాను. గడియ కూడా వేశాను.

పిచ్చుక